పెద్దవాళ్ళ చుట్ట, చిన్నవాళ్ళ అగ్గిపుల్ల

ముసునూరు,
1962 నవంబరు, కార్తీక సోమవారం.

చిరంజీవి శ్రీమన్నారాయణకు,

మీ మేనత్త నాగేంద్రమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. కులాసా అని రాశాను గానీ నాకు మటుకు కులాసా లేదు.

జపాను నించి నీ ఉత్తరం వచ్చింది. మీ నాన్న అరుగు మీద కూర్చుని వీధంతా వినేట్టు చదివాడు. అందరూ బావుంది బావుంది అన్నారు. నాకొక్కదానికే కాళ్ళు చల్లబడ్డాయి. మీరుండే ఇల్లు చెక్కతో కట్టిందని రాశావు. తలుపులకి కాగితం అంటిస్తారని రాశావు. నేలంతా గడ్డి చాపలు పరిచి వాటి మీదే పక్కలు వేస్తారని రాశావు. చెక్కా, కాగితమూ, గడ్డీ! మనం పొయ్యి రాజెయ్యడానికి పోగేసేవి అవే కదరా నాయనా! వాటి మధ్యన నిన్ను పడుకోబెట్టారా? పైగా నువ్వు దిగిన ఆ రైతు మోరి గారింట్లో ఆడా మగా అందరూ పొగ తాగుతారని చివర్లో ఒక ముక్క రాసి ఊరుకున్నావు. మీ నాన్న అది చదివి నవ్వాడు. నేను లోపలికి వెళ్ళి దేవుడి దగ్గర దీపం కూడా ఆర్పేసి వచ్చాను.

అసలే చైనా వాళ్ళతో యుద్ధం అంటున్నారు. చైనా దాటితే జపానట కదా. నువ్వు ఆ పక్కకి తిరగబాకు.

మీ నాన్న సంగతి నీకు తెలుసు. పోయిన వేసంగిలో తోట పాకలో ఏమైందో నీకు పూర్తిగా చెప్పలేదు. ప్రయాణం ముందు ఎందుకులే అని దాచాను. మామిడికాయల్ని మాగవెయ్యడానికి పాక నిండా వరిగడ్డి దించామా, మీ నాన్న అన్నం తిని ఆ గడ్డి పక్కనే నులక మంచం వేసుకుని, నోట్లో చుట్టతో నిద్రపోయాడు. చుట్ట జారి పంచె మీద పడింది. కాపలా మల్లయ్య చూసి కుండెడు నీళ్ళు కుమ్మరించాడు కాబట్టి పంచెతో పోయింది. లేచి, "ఎవడ్రా నా మీద నీళ్ళు పోసింది!" అని మల్లయ్యనే తిట్టాడు. అది మొదలు నాకు వడగాలి కొడితే చాలు, ముక్కుకి కాలిన వాసనే. మళ్ళీ వేసంగికి గడ్డి దించుతారు. మళ్ళీ ఆ మంచం వేస్తారు.

నేను అక్కనే గానీ ఇల్లు వాడిది. భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని, ఎంతవరకు చెప్పగలను? చుట్ట మానమని నేను అనను. పడుకుని తాగొద్దంటాను. అంటే, "అక్కా, నీకు లేని భయం లేదు" అంటాడు.

నాకొక ఆలోచన వచ్చింది. మీ నాన్నకి జపాను వాళ్ళ మాటంటే వేదం. జపాను పద్ధతని తాడు కట్టి వరసల్లో నాట్లు వేయించి, కుప్ప పెరిగిన దగ్గర్నుంచీ పిచ్చి పట్టుకుంది. ఆ పిచ్చితోనే నిన్ను సేద్యం నేర్చుకు రమ్మని అంత దూరం పంపాడు. మరి వరికి ఉన్నట్టు పొగ తాగడానికి కూడా జపాను పద్ధతి ఒకటి ఉంటుందేమో! లేకపోతే ఆ కాగితం ఇళ్ళు ఇన్నాళ్ళు ఎట్లా నిలబడ్డాయి? కనుక్కుని వివరంగా రాయి. వేసంగి లోపల రాయి.

నువ్వు మటుకు ముట్టుకోబాకు. ఆ కంపు నాకు పడదని నీకు తెలుసు కదా.

నీ అత్త,
నాగేంద్రమ్మ

*

ఒకాయమ, జపాను,
డిసెంబరు 1962.

అత్తయ్యకు నమస్కారాలు.

ముందు నీ కాళ్ళు వెచ్చబెట్టుకో. ఇల్లు కాలలేదు. నేనూ కాలలేదు. చైనా వాళ్ళు నా కోసం ఇటు రాలేదు. చలి మాత్రం ఎముకల్లోకి వచ్చింది. నువ్వు కుట్టించిన దుప్పటి కప్పుకుని, దాని మీద వీళ్ళిచ్చిన పరుపు కూడా కప్పుకుంటున్నాను.

పద్ధతి ఉందా అని అడిగావు. ఉంది అత్తయ్యా, ఊరికే ఉండటం కాదు, నాట్ల కంటే ఎక్కువ ఉంది.

ఎవరింటికైనా వెళితే, మన దగ్గర కాళ్ళకి నీళ్ళిచ్చినట్టు ఇక్కడ మనిషి ముందు బూడిద పళ్ళెం తెచ్చి పెడతారు. పెడితేనే వెలిగించాలి. పెట్టలేదంటే ఆ ఇంట్లో తాగొద్దని అర్థం, అడగకూడదు. పళ్ళెం పెట్టినా పక్కవాళ్ళని "తాగవచ్చా అండీ" అని అడిగి తాగాలి. నోట్లో సిగరెట్టుతో నమస్కారం పెట్టకూడదు. నడుస్తూ తాగేవాడిని మర్యాద తెలియనివాడంటారు. తాగేవాళ్ళు లేరని కాదు, అంటారంతే. ఇరవై ఏళ్ళు నిండనివాళ్ళు తాగకూడదని సర్కారు చట్టమే ఉంది.

మోరి గారి అమ్మ ఉంది. పళ్ళన్నీ ఊడిపోయిన ముసలావిడ, నేను బామ్మ అంటాను. ఆవిడకో సన్నటి ఇత్తడి గొట్టం ఉంది. దాని చివర శనగగింజంత పొగాకు పెట్టి, రెండు దమ్ములు పీల్చి, పక్కనున్న వెదురు బొంగులోకి టక్కున కొడుతుంది. ఆ బొంగులో నీళ్ళుంటాయి. చుయ్యిమంటుంది. ఆవిడ గొట్టం వెలిగించిన దగ్గర్నుంచి చుయ్యి వినపడేదాకా ఇంట్లో వాళ్ళు పని చేస్తూనే ఒక చెవి అటు పెట్టుకుంటారు. కాగితం ఇల్లు నిలబడింది ఆ చుయ్యి మీదే.

చలికాలం దీపాలు పెట్టే వేళకి ఇద్దరు ముగ్గురు మనుషులు రెండు చెక్కలు కొట్టుకుంటూ "నిప్పు జాగ్రత్త" అని కేకలేసుకుంటూ వీధుల్లో తిరుగుతారు. నేనూ ఒక రోజు వెళ్ళాను. నా కేక విని కుక్కలు మొరిగాయి.

పొలంలో పదింటికీ మూడింటికీ అందరూ ఆగుతారు. విశ్రాంతి తీసుకుందాం అనడానికి వీళ్ళు "ఒక దమ్ము" అంటారు. మన మల్లయ్య "చుట్ట కాల్చి లేద్దాం" అన్నట్టే.

నేను తాగటంలేదు. చూస్తున్నానంతే.

నీ
శ్రీమన్నారాయణ

*

ముసునూరు,
1963 ఫిబ్రవరి, మహాశివరాత్రి ముందు.

చిరంజీవి శ్రీమన్నారాయణకు,

నీ ఉత్తరం నేనే ముందు చదువుకున్నాను. కూడబలుక్కుని చదివేసరికి మధ్యాహ్నం అయింది. మీ అమ్మ గోవిందమ్మ, "వదినా, అన్నం చల్లారిపోతోంది" అని అరుస్తూనే ఉంది. తర్వాత మీ నాన్న చేత అరుగు మీద చదివించాను. "చూశావా, వాళ్ళకి ప్రతిదానికీ ఒక క్రమం!" అన్నాడు. అంటూ చుట్ట బూడిద గోడవతలకి విదిలించాడు. అవతల గడ్డివామి ఉందిరా!

సరే, నీళ్ళ సంగతితో మొదలుపెట్టాను. నాలుగు ముంతలు తెప్పించి సగం నీళ్ళు పోసి, అరుగు మీద ఒకటి, తోటలో పాక దగ్గర ఒకటి, గొడ్ల చావిట్లో ఒకటి, బావి దగ్గర ఒకటి పెట్టించాను. "బూడిదా చుట్టపీకా దీంట్లోనే, జపాను పద్ధతి" అని అందరికీ చెప్పాను. అరుగు మీది ముంత నీళ్ళతో మైలవరం నించి వచ్చిన మీ నాన్న స్నేహితుడు కాళ్ళు కడుక్కున్నాడు. చావిట్లోది దూడ తాగింది. పాక దగ్గర మల్లయ్య, పెద్దవాళ్ళ పీకలు పడే దాంట్లో నేనెందుకు వెయ్యాలని, తన పీక మర్యాదకి పక్కన ఆకుల్లో పారేశాడు.

అయితే చెక్కలు కొడదామనుకున్నాను. చెక్కలెక్కడివి? మా మామగారి నాటి చిడతలు పెట్టెలో ఉన్నాయి. అవి తీసుకుని, దీపాలు పెట్టే వేళకి వీధిలోకి వెళ్ళి, చిడతలు వాయించుకుంటూ "నిప్పు జాగ్రత్త, నిప్పు జాగ్రత్త" అని మెల్లగా అనుకుంటూ నడిచాను. గట్టిగా అనడానికి సిగ్గేసింది. మూడో ఇంటి ఇల్లాలు గబగబా చేటతో బియ్యం తెచ్చి నా కొంగులో పోసి దణ్ణం పెట్టింది. వద్దమ్మా అంటే వినదు. ఆ వెనక ఇంటావిడ హారతి పట్టింది. మలుపు తిరిగేసరికి బడిపంతులు పాండురంగారావు గారు హార్మనీ పెట్టె మెడలో వేసుకుని వచ్చి, "అమ్మా, ఇన్నాళ్ళకి ఊళ్ళో నగర సంకీర్తన మొదలుపెట్టారు, ధన్యులం!" అని శ్రుతి కలిపాడు. నేను నిప్పు జాగ్రత్త అంటే వెనకనున్నవాళ్ళంతా రాగం తీసి నిప్పు జాగ్రత్త అన్నారు. ఏ దేవుడి మీద కీర్తన అని ఒక్కరైనా అడగలేదు.

ఇప్పుడు శనివారం శనివారం మన అరుగు మీద భజన. పది మంది మగవాళ్ళు వస్తున్నారు. వచ్చి చుట్టలు కాలుస్తున్నారు! ఇదివరకు ఒక్కడి నిప్పుకి భయపడేదాన్ని, ఇప్పుడు పది మందివి కాచుకుంటున్నా.

గడ్డి బళ్ళు వచ్చే నెలలో వస్తాయి. పూత బాగా నిలబడింది, పిందె కూడా. కాపు ఎక్కువైతే గడ్డీ ఎక్కువే. ఇంకేదైనా పద్ధతి ఉంటే త్వరగా రాయి. మీ నాన్న దేనికి లొంగుతాడో నీకు తెలుసు.

అన్నట్టు, చూస్తున్నానంతే అని రాశావు. నేను అడగలేదే?

నాగేంద్రమ్మ

*

ఒకాయమ,
మార్చి 1963.

అత్తయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం మోరి గారికి వాళ్ళ భాషలో చెప్పబోయి నవ్వాపుకోలేక మధ్యలో ఆగిపోయాను. బామ్మకి మాత్రం పూర్తిగా చెప్పాల్సి వచ్చింది. "ఆ అమ్మ చేసింది సరైన పనే. పాట ఉంటే జనం మరిచిపోరు" అంది.

ఇక్కడ చెట్లు చిగురేస్తున్నాయి. కాయలొచ్చాక ఒక్కో పీచ్ కాయకి ఒక్కో కాగితం సంచీ తొడుగుతారట. నాన్నకి ఈ ముక్క చెప్పబాకు, మన తోటలో కాయకో చొక్కా కుట్టించమంటాడు.

నాన్న దేనికి లొంగుతాడని అడిగావు. గౌరవానికి. పెళ్ళిలో ముందు తాంబూలం తనకివ్వలేదని తిరిగొచ్చిన మనిషి కదా. అందుకని ఇది రాస్తున్నాను, నీకేమైనా పనికొస్తుందేమో చూడు.

ఇక్కడ పెద్దవాళ్ళు సిగరెట్టు తీశారంటే చిన్నవాళ్ళు చూస్తూ కూర్చోకూడదు. వెంటనే అగ్గిపుల్ల గీసి, గాలికి ఆరకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి, కాస్త వంగి అందించాలి. రెండు చేతులూ ఉండాలి. ఒంటిచేత్తో ఇస్తే పొగరు. సహకార సంఘంలో పెద్దాయన జేబులోకి చెయ్యి పోనిచ్చేసరికి ముగ్గురు నలుగురు పుల్లలు గీస్తారు. ఆయన చిరునవ్వు నవ్వి ఒకరి దగ్గర వెలిగించుకుంటాడు. మిగతావాళ్ళు వేళ్ళు కాల్చుకుని ఊదుకుంటారు. చిన్నవాడు తనది ముందు వెలిగించుకోవడం ఎక్కడా చూడలేదు.

ఇక్కడ సిగరెట్లు సర్కారువే, కంపెనీలవి కావు. వీధి చివర చిన్న కిటికీ, కిటికీ వెనక ఒక ముసలావిడ కూర్చుని అమ్ముతుంది. పావురం బొమ్మ వేసిన ఒక రకం ఉంది. దాని మొదటిది కమ్మటి వాసన, వెంటనే రెండోది తాగితే మటుకు నాలుక మీద చేదు.

గడ్డి దించేటప్పుడు మంచం పాక బయట వేయించు.

శ్రీమన్నారాయణ

*

ముసునూరు,
1963 ఏప్రిల్, ఉగాది వెళ్ళాక.

చిరంజీవి శ్రీమన్నారాయణకు,

నీ మాట నిజం నాయనా. గౌరవమే!

ఉగాది నాడు పంచాంగం విన్నాక నలుగురూ అరుగు మీద ఉన్నప్పుడు, తాంబూలం సంగతి ఉన్న మొదటి కాగితం దాచేసి, నీ ఉత్తరంలో రెండో కాగితం మీ నాన్న చేతికిచ్చాను. రెండు చేతుల సంగతి దగ్గరకొచ్చేసరికి గొంతు గంభీరంగా పెట్టి మళ్ళీ మొదట్నుంచి చదివాడు. అప్పుడు నేను గుమ్మంలోంచి, "అవునురా తమ్ముడూ, పెద్దమనిషి అగ్గిపెట్టె తానే మోసుకు తిరగడమంటే తన చెప్పులు తానే నెత్తిన పెట్టుకు తిరిగినట్టే కదూ" అన్నాను. ఇది నువ్వు రాయలేదు, నేను కలిపాను. దేవుడు క్షమిస్తాడు. నలుగురూ నిజమే నిజమే అన్నారు. మీ నాన్న రొంటినున్న అగ్గిపెట్టె తీసి, అదేదో మురికి పట్టినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని నాకిచ్చాడు.

"ఈ ఇంట్లో ఈ రోజు నించీ జపాను మర్యాద. పెద్దవాళ్ళకి చిన్నవాళ్ళు వెలిగించాలి. అగ్గిపెట్టెలన్నీ అక్క దగ్గరుంటాయి" అన్నాడు. మీ అమ్మకి పొయ్యి రాజెయ్యాలన్నా నన్నడగాలిప్పుడు. రోజుకి రెండు సార్లు సణుగుతోంది.

మల్లయ్యకి ఆ పని అప్పగించాం. పంచె బిగించి, వంగి, రెండు చేతులతో అందిస్తాడు. "హారతిచ్చినట్టుందమ్మా" అన్నాడు నాతో. నూజివీడు నించి కాయలు చూడటానికి వచ్చిన షావుకారు ముందు మీ నాన్న ఊరికే చుట్ట పైకి తియ్యడం, మల్లయ్య పరిగెత్తుకు రావడం! ఆ షావుకారు ముఖం చూడాలి నువ్వు. వాడు బేరం ఆడటం మరిచిపోయాడు.

ఇక అసలు పని. బంగినపల్లి కోత మొదలైంది. పాకలో గడ్డి దించారు. మంచం బయట వేయించమన్నావు, ఎండకి ఉండలేనని లోపలే వేయించుకున్నాడు. సరేనని మీ నాన్న అన్నం తిని మంచమెక్కే వేళకి మల్లయ్యని పిలిచి, "తోట అవతలి గట్టున కోతులు దిగాయిట, వెళ్ళి తోలు" అని పంపుతున్నాను. మీ నాన్న పిలుస్తాడు, "ఒరేయ్ మల్లయ్యా!" అని. మళ్ళీ పిలుస్తాడు. గంపలు సర్దే లక్ష్మి విని కూడా వినిపించుకోదు, నేను చెప్పి ఉంచాను. పిలిచి పిలిచి, వెలగని చుట్ట నోట్లో పెట్టుకుని అట్లాగే నిద్రపోతాడు. నేను తడిక సందులోంచి చూసి, ఆ ఉత్త చుట్ట చూసి, ఎన్నాళ్ళకో గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

కానీ ఎన్నాళ్ళు సాగుతుందో. రసాలు దిగేదాకా సాగాలి. మల్లయ్య, "కోతులు కనపడట్లేదమ్మగారూ" అంటున్నాడు. చిలకలు తోలమని మార్చాను.

ఇప్పుడు నీ సంగతి. పావురం బొమ్మ సిగరెట్టు మొదటిది కమ్మన, రెండోది చేదు అని రాశావు. మొదటిది కమ్మటి వాసనని పక్కన కూర్చున్నవాడు కూడా చెప్తాడు. రెండోది నాలుక మీద చేదని ఎవరు చెప్తారురా? పక్కవాడు తింటే నీ నాలుక్కి కారం తగుల్తుందా? మీ నాన్న చదివేటప్పుడు ఆ ముక్క దగ్గర నేను గట్టిగా దగ్గాను. వాడు గమనించలేదు. వరసగా చదువుకుపోయాడు.

నిజం రాయి. ఆ గడ్డి చాపల మీద పడుకుని తాగుతున్నావా? నాకు అన్నం సయించడం లేదు.

నాగేంద్రమ్మ

*

ఒకాయమ,
మే 1963.

అత్తయ్యా,

నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. తాగాను.

వచ్చిన కొత్తలో పొలంలో "ఒక దమ్ము" అనగానే అందరూ గట్టు మీద కూర్చుని వెలిగించేవాళ్ళు. నేను తాగను కాబట్టి నాకు విశ్రాంతి అక్కర్లేదేమోనని పార పట్టుకుని నిలబడేవాణ్ణి. మోరి గారు నేనేదో కోపంగా ఉన్నాననుకుని, రెండు చేతులతో సిగరెట్టు ఇచ్చారు. పెద్దాయన అట్లా ఇస్తే కాదనడం తెలియలేదు. తర్వాత తెలిసింది, తాగనివాళ్ళు టీ తాగుతూ కూర్చుంటారట. అది తెలిసేసరికి అలవాటైంది.

పడుకుని కూడా తాగాను. ఒక్కసారే. జనవరిలో, చలికి పక్కలోంచి లేవలేక. గడ్డి చాప మీద పడి వేలెడంత కాలింది. అరచేత్తో ఆర్పేశాను. దాని మీద నా పెట్టె జరిపి పెట్టాను. మర్నాడు బామ్మ గది ఊడవడానికి వచ్చి పెట్టె జరిపింది. నేను తల దించుకుని నిలబడ్డాను. ఆవిడ చాపని వేలితో తడిమి చూసింది. వెళ్ళి, నీళ్ళు పోసిన ఒక వెదురు బొంగు తెచ్చి, సరిగ్గా ఆ కాలిన చోట పెట్టి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బావుండేది. ఇప్పటికీ ఆ గదిలోకి అడుగు పెడితే ముందు నా కళ్ళు అటే పోతాయి. ఆ రోజు నించీ ఇంట్లో తాగలేదు. పొలంలో మాత్రం మూడింటికి ఒకటి. నాన్నకి చెప్పబాకు.

నేనొకటి చెప్పాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకు. బామ్మకి నీ గురించి చెప్పాను. మా అత్తయ్య నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుందని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. తన గొట్టం తిరగేసి చూసుకుని, పడీ పడీ నవ్వింది. అవును అత్తయ్యా, నాకు తెలుసు. చిన్నప్పుడు పాక వెనక నిన్ను వెతుక్కుంటూ వచ్చి కబుర్లు చెబుతుంటే, నువ్వు నోరు మూసుకుని "ఊ", "ఊ" అనేదానివి. ముక్కులోంచి పొగ వచ్చేది. మా అత్తయ్యకి కోపమొస్తే పొగ వస్తుందని చాలా రోజులు అనుకున్నాను. తుని పక్క మీ అత్తగారి దగ్గర నేర్చుకున్నావట, మల్లయ్య చెప్పాడు తర్వాత. కంపు పడదని నువ్వు రాసినప్పుడల్లా నవ్వుకుంటాను.

ఎవరికీ చెప్పలేదు, బామ్మకి తప్ప. ఆవిడ తన గొట్టాల్లో ఒకటి నీకు పంపుతానంటోంది.

నీ
శ్రీమన్నారాయణ

*

ముసునూరు,
1963 జూన్, మృగశిర కార్తె.

చిరంజీవి శ్రీమన్నారాయణకు,

నీ ఉత్తరం వచ్చిన రోజునే చెప్పకూడని పని ఒకటి జరిగింది. అందుకే జవాబు ఆలస్యం. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తోంది.

నీ ఉత్తరం కొంగులో దాచుకుని పాక వెనక పెద్దరసం చెట్టు కింద బోర్లించిన గంప మీద కూర్చుని చదివాను. నీ చివరి ముక్క చదివి సిగ్గుతో చచ్చాను. సిగ్గేసినప్పుడు నేనేం చేస్తానో నీకు తెలుసు కదా. ఊళ్ళో అగ్గిపెట్టెలన్నీ నా రొంటినే ఉన్నాయాయె. వెలిగించి, తిప్పి, నోట్లో పెట్టుకున్నాను. కాలు మీద కాలేసుకుని చల్లగా కూర్చున్నాను. మల్లయ్య చిలకల్ని తోలడానికి పోయాడు. మీ నాన్న పాకలో నిద్రపోతున్నాడనుకున్నాను.

"అక్కా" అన్నాడు వెనకనించి.

నోరు మూసేశాను. నిప్పు లోపల. మీ నాన్న వచ్చి ఎదురుగా ఇంకో గంప బోర్లించుకుని కూర్చున్నాడు. కూర్చుని, కలకత్తాకి వ్యాగను దొరకలేదనీ, షావుకారు మాట మార్చాడనీ, చాట్రాయి వైపు గాలికి కాయంతా రాలిందనీ చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఊ అన్నాను. ఊ అన్నాను. కళ్ళ నీళ్ళు కారాయి. "చాట్రాయి వాళ్ళ కాయ రాలితే నువ్వెందుకే ఏడుస్తావు" అన్నాడు. ఊ అన్నాను. ఇంకా చెప్పాడు, ఎరువుల సంగతి, నీ సంగతి, ఎప్పుడూ నాతో అంత మాట్లాడని మనిషి! ఆఖరికి ఆగి, నా ముఖంలోకి చూసి, "ఆరిపోయినట్టుంది, తియ్యి" అన్నాడు.

తీశాను. ఏం చేస్తాను? ఆరిపోయింది నిజంగానే.

"అగ్గిపెట్టె ఇటివ్వు" అన్నాడు. ఇచ్చాను. పుల్ల గీసి, రెండో చెయ్యి అడ్డం పెట్టి, ఇంత మనిషీ నా ముందు వంగాడురా. మల్లయ్య వాడికి వంగినట్టే.

"ఇదేంట్రా తమ్ముడూ!" అన్నాను.

"నేను నీకన్నా చిన్నవాణ్ణి కదే. జపాను పద్ధతని ఒక మడికి పెట్టి పక్క మడికి మానేస్తే పంటొస్తుందా? వెలిగించుకో, వేలు కాలుతోంది."

వెలిగించుకున్నాను. ఎప్పట్నించి తెలుసని అడిగాను. నేను పుట్టింటికి తిరిగొచ్చిన కొత్తల్లోనే తెలుసట. "తెలిసినట్టు చెబితే నువ్వు సిగ్గుతో మానేస్తావు. అప్పుడు నీకున్న సుఖమల్లా అదొక్కటే కదా. అందుకని చెప్పలేదు" అన్నాడు. చెప్పి, మళ్ళీ వెంటనే గట్టిగా, "మన తోటలో కోతులు ఎప్పుడు దిగాయే? నేను పుట్టి ఇంతవాణ్ణయ్యాను, ఒక్క కోతిని చూడలేదు" అన్నాడు.

అదీ తెలుసన్నమాట. నెల రోజులుగా ఉత్త చుట్ట నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని పడుకున్నాడు, నేను తడిక సందులోంచి చూస్తానని.

అప్పుడు నేను అడిగేశాను. "అయితే నాకోసం ఇంకొక్కటి చెయ్యరా. ఆ గడ్డి పక్కన ఇంకెప్పుడూ వెలిగించబాకు. నువ్వు పడుకుంటే నాకు కునుకు రాదు" అన్నాను. గంప మీంచి లేచి పంచె దులుపుకున్నాడు. "బావి గట్టు మీద కూర్చుని తాగుతాను. నువ్వూ అక్కడికే రా. ఈ చెట్టు చాటు ఎందుకు" అన్నాడు. అంతే, అయిపోయింది. ఇంత తేలికని తెలిస్తే చిడతలు పట్టుకుని ఊరంతా ఎందుకు తిరుగుతాను?

ఇప్పుడు మూడింటికి అందరం బావి గట్టు దగ్గర ఆగుతున్నాం. నీళ్ళ ముంత మధ్యలో. మీ నాన్న నాకు వెలిగిస్తాడు, మల్లయ్య మీ నాన్నకి వెలిగిస్తాడు. నీ ఉత్తరం చదివాక, తాగనివాళ్ళు పార పట్టుకుని నిలబడకూడదని లక్ష్మినీ మిగతా ఆడవాళ్ళనీ కూడా కూర్చోమన్నాను. వాళ్ళకి మజ్జిగ. "ఇన్నాళ్ళూ మగాళ్ళ చుట్ట ఆరేదాకా మేమే కదమ్మా గంపలు మోసింది" అంది లక్ష్మి. నిజమే. నేనూ చూస్తూనే ఉన్నానన్నేళ్ళు. మీ అమ్మ కూడా మజ్జిగ చెంబుతో వచ్చి కూర్చుంటోంది. కంపని ముక్కు మూసుకుంటుంది గానీ లేచి పోదు.

నేను లోపలికి తిప్పి పెట్టుకుంటే మల్లయ్య మటుకు ఇంకా అటు తిరిగి కూర్చుంటాడు, చూడలేక.

బామ్మగారికి నా దణ్ణాలు చెప్పు. నిన్ను తిట్టకుండా బొంగు పెట్టిన ఆ తల్లి చేతులు చల్లగుండాలి. ఆవిడ గొట్టం పంపితే మహా సంతోషం. నేను లంక చుట్టలు కట్ట పంపుతాను, తిప్పి పెట్టుకోవద్దని చెప్పు, పళ్ళు లేని నోరు.

నీ సంగతి మీ నాన్నకి చెప్పలేదు. చెప్పే పని లేదు. పద్ధతి ఉంది కదా ఇంట్లో. నువ్వొచ్చాక అగ్గిపెట్టె నీకే ఇస్తాను. నాకు వెలిగించాలి, మీ నాన్నకి వెలిగించాలి, మల్లయ్య పెద్దవాడు కాబట్టి వాడికీ వెలిగించాలి, రెండు చేతులతో. చిన్నవాడు తనది తాను వెలిగించుకోవడం ఎక్కడా చూడలేదని నువ్వే రాశావు. కాబట్టి నీకు వెలిగించాలంటే ఇంట్లో నీకన్నా చిన్నవాడు ఒకడుండాలి. ప్రస్తుతానికి ఎవరూ లేరు.

పిల్లని చూడమంటావా? పెళ్ళయి, బిడ్డ పుట్టి, ఆ బిడ్డ అగ్గిపుల్ల గీసే వయసు వచ్చేదాకా ఓపిక పట్టు నాయనా. అయినా ఆ బిడ్డ చేతికి అగ్గిపెట్టె నేను ఇవ్వనిస్తానా!

అక్కడ భూమి ఊగుతుందని పేపర్లో వచ్చిందట. ఏదైనా పట్టుకుని నిలబడు.

నీ మేనత్త,
నాగేంద్రమ్మ